నీళ్లలో పడ్డ చుక్కలు

మ్యాపుల గది, మూడో అంతస్తు
ఫిబ్రవరి 4

మావయ్యా,

గూళ్ల లెక్క ఉన్న మెమరీ కార్డు చేరింది. కవరుకి మళ్లీ పడవ తారు అంటించి పంపావు. ఆ నల్లటి వేలిముద్ర చూసి మా గదిలోని డిగ్రీల వాళ్లు, "మీ మావయ్య కార్డు పంపాడా, పడవ పంపాడా?" అని పళ్లికిలించారు. వాళ్లలో ఒక్కడు కూడా నది ఒడ్డున అరపూట నిలబడిన పాపాన పోలేదు. నేనూ నిలబడలేదనుకో. కానీ నేను నీ మేనకోడల్ని, నాకు ఆ మినహాయింపు ఉంది.

అసలు విషయం. నది మ్యాపు ఈ నెలాఖరుకి అచ్చుకి పోతుంది. మార్చి ఇరవైన విచారణ. ఇసుక తోడే పడవలు నదిలో ఎక్కడ దిగొచ్చు, ఎక్కడ దిగకూడదు అన్నది ఆ రోజు తేలుస్తారు. నది మొత్తాన్ని గడులుగా కోశాను. పిట్టలు గుడ్లు పెట్టే గడికి ఎరుపు, అక్కడ పార కూడా పెట్టనివ్వరు. తెల్లగా ఉన్న గడిలో తవ్వుకోవచ్చు. అంతే లెక్క. మంత్రులొచ్చి చెప్పినా గడి రంగు మారదు, నేను మారిస్తే తప్ప.

చోటు గుర్తుపెట్టే ఆ చేతి మిషన్‌తో గూటికొకటి నొక్కి పంపే నీ నల్లతల పిట్టల చుక్కలు ఇప్పుడు బుద్ధిగా గట్టు మీద పడుతున్నాయి. ఒకప్పుడు నువ్వు పంపినవన్నీ నడినీళ్లలో పడేవి, గుర్తుందా? నీళ్ల మీద గుడ్లు పెట్టే పిట్ట ఎక్కడైనా ఉందా? ఇలాంటివి ఏరి పారెయ్యడానికే కదా నేను కంప్యూటరుకి ఆ సూత్రం రాసింది. నదీ రేఖ లోపల పడ్డ ప్రతి గూడూ తప్పు, దానంతటదే చెత్తబుట్టలోకి. జిరాక్సు షాపులో పని చేస్తూ వీడియోలు చూసి నేర్చుకున్న పిల్ల ఆ సూత్రం రాసింది కాబట్టే ఈ గదిలో కుర్చీ దొరికింది, పర్మనెంటు అయింది. రంగుల సార్ (మా సెక్షన్ ఆఫీసరు, మ్యాపులో ఏముందో అడగడు, ఏ రంగు వేశావని అడుగుతాడు) ఇప్పటికీ కొత్తవాళ్లకి అదే చూపిస్తాడు.

రెండేళ్లుగా నీకు మిషన్ పట్టడం వచ్చింది. సంతోషం. ఈ నెల లెక్క తొందరగా పంపు.

నీ
అగ్గిపుల్ల


నది కాపలా గది
ఫిబ్రవరి 11

అగ్గిపుల్లా,

నీ ఉత్తరం సరుకుల పడవలో వచ్చింది. రెండుసార్లు చదివాను. ఒకసారి కళ్లజోడుతో, ఒకసారి లేకుండా. లేకుండానే బాగుంది, తిట్లు కనపడలేదు.

ఇక్కడ ఎండ మొదలైంది. ఇసుక మీద చెప్పు లేకుండా నాలుగడుగులు వెయ్యలేం. నల్లతల పిట్ట ఏం చేస్తుందో తెలుసా? వెళ్లి నీళ్లలో పొట్ట ముంచుకుని, తడి పొట్టతో వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. మళ్లీ ఆరగానే మళ్లీ వెళ్తుంది. పొద్దున్నుంచి ఒక్కదాన్నే చూశాను, పదహారు సార్లు తిరిగింది. నేను అలిసిపోయాను, అది అలవలేదు.

ఈ నెల లెక్క డెబ్భై ఒక్క గూళ్లు. కార్డులో ఉన్నాయి.

ఒక చిన్న సందేహం. గట్టుకి ఎర్ర రంగు వేశావన్నావు. మరి మధ్యలో ఉన్న దిబ్బకి ఏ రంగు వేశావు? ఊరికే అడుగుతున్నాను. మొన్న ఇసుకవాళ్ల మనుషులు లాంచీలో వచ్చి, దిబ్బ నాలుగు మూలలా గడకర్రలు పాతి పోయారు. పిట్టలన్నీ లేచి గోల గోల.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మావయ్య


మ్యాపుల గది
ఫిబ్రవరి 17

మావయ్యా,

ఏ దిబ్బ?

నీ దగ్గర నది తొమ్మిది వందల మీటర్ల వెడల్పు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నీళ్లు. నా మ్యాపులో అంతే ఉంది. సర్వే వాళ్లు గొలుసులు పట్టుకుని కొలిచిన రేఖ అది, నేను పుట్టకముందుది, కింద ముగ్గురు ఇంజనీర్ల సంతకాలున్నాయి. అందులో దిబ్బ లేదు. అందుకే ఆ గడులన్నీ తెల్లగా ఉన్నాయి, అందుకే ఇసుకవాళ్లకి వాటినే చూపించారు.

నువ్వేమో దిబ్బంటావు. గడకర్రలంటావు. పిట్టలు లేచాయంటావు. ఎందుకు లేచాయి మావయ్యా? పిట్టలు గట్టు మీద కదా ఉన్నది? డెబ్భై ఒక్క గూళ్లు గట్టు మీదున్నాయని నీ కార్డే చెప్తోంది. నడి నదిలో కర్ర పాతితే గట్టు మీద పిట్టకి ఏం పోయింది?

నాకు డొంకతిరుగుడు మాటలు పడవని తెలుసు నీకు. "ఊరికే అడుగుతున్నాను" అన్నవాడు ఎప్పుడూ ఊరికే అడగడు. గూళ్లు గట్టు మీదున్నాయా, దిబ్బ మీదున్నాయా? ఒక్క ముక్క రాసి పంపు. పిట్ట పొట్ట సంగతి తర్వాత.

అగ్గిపుల్ల


నది కాపలా గది
ఫిబ్రవరి 24

తల్లీ,

దిబ్బ మీదున్నాయి. అన్నీ. ఒక్కటీ గట్టు మీద లేదు. గట్టు మీద బురద, తుంగ, నక్కలు తప్ప ఏమీ లేవు.

చెప్తాను, కోప్పడకుండా చదువు. కోప్పడతావులే, కనీసం చివరిదాకా చదివి కోప్పడు.

మిషన్ చేతికిచ్చిన మొదటి మూడేళ్లూ నేను దిబ్బ మీదే నొక్కాను. ఒక్కో గూడు దగ్గర వంగి, నీడ పడకుండా పక్కకి నిలబడి, ఒక్కో నొక్కు. తర్వాత మీ ఆఫీసు మొదటి మ్యాపు వచ్చింది. గోడకి అంటించాం. నా చుక్కల కోసం వేలు పెట్టి వెతికాను. ఒక్కటీ లేదు. మూడేళ్ల కష్టం, ఒక్క చుక్క లేదు. కార్డులు తీసుకెళ్లే గుమాస్తాని అడిగితే, "నీళ్లలో పడ్డవి తప్పుడు చుక్కలట, మీ మేనకోడలు రాసిన సూత్రమే తీసేస్తుంది" అన్నాడు.

అదే వారం మీ అమ్మ నీ పర్మనెంటు ఆర్డరు ఫోటో తీసి పంపింది. వెనకాల నువ్వు, మొహం చాటంత చేసుకుని.

నేనేమనుకున్నానంటే, పిల్ల తప్పు చెయ్యదు. అంత పెద్ద ఆఫీసు తప్పు చెయ్యదు. పిట్టలు లెక్కలోకి రావాలంటే చుక్క గట్టు మీద పడాలి కాబోలు అనుకున్నాను. అప్పటినుంచి దిబ్బ మీద లెక్కపెట్టుకోవడం, పడవ వేసుకుని వెనక్కి రావడం, దిబ్బకి ఎదురుగా గట్టు మీద నిలబడి అన్నిసార్లు నొక్కడం. డెబ్భై ఒక్క గూళ్లకి డెబ్భై ఒక్క నొక్కులు. ఒకే చోట పడకుండా అటూ ఇటూ నడుస్తూ. లెక్క అబద్ధం కాదు. చోటు ఒక్కటే.

మరుసటి ఏడు మ్యాపులో గట్టు ఎర్రగా వచ్చింది. హమ్మయ్య, పిట్టలు లెక్కలోకి వచ్చాయి అనుకున్నాను. దిబ్బ తెల్లగా ఉంటే తవ్వుతారని నాకెవరూ చెప్పలేదు.

మావయ్య


మ్యాపుల గది
మార్చి 1

నిన్ను ఏమనాలి? చెప్పు, ఆ మాట నువ్వే రాసి పంపు, నేను చదువుకుంటాను.

చోటు ఒక్కటే అట! మావయ్యా, మ్యాపంటేనే చోటు. నా దగ్గరున్నది అదొక్కటే. నువ్వు గట్టు మీద నొక్కావు కాబట్టి, నల్లతల పిట్టకి బురద, తుంగ ఇష్టమని కంప్యూటరు నేర్చుకుంది. నేర్చుకుని ఊరుకుందా? బురద, తుంగ ఎక్కడెక్కడున్నాయో వెతికి, నలభై కిలోమీటర్ల గట్టు పొడుగునా ఎర్ర రంగు పూసింది. ఇసుకున్న చోటల్లా తెలుపు. నీ నొక్కు నలభై కిలోమీటర్లు పాకింది. నక్కలకి కోట కట్టాం మనం.

మూడేళ్ల చుక్కలు కనపడకపోతే నన్ను అడగడానికి నోరు రాలేదా? నెలకో కవరు వస్తుంది కదా! పడవ తారు పంపడానికి చోటుంది, ఒక్క ప్రశ్నకి చోటు లేదా?

పాత చెత్తబుట్ట ఇవాళ తెరుస్తున్నాను. నువ్వు నొక్కినవి నిజంగా దిబ్బ మీదవో కావో చూస్తాను. కాకపోతే ఇంకో ఉత్తరం రాయను.


మ్యాపుల గది
మార్చి 5

గౌరవనీయులైన మావయ్య గారికి,

నమస్కారం. ఈ కింది వివరాలు దయచేసి వెంటనే పంపగలరు. దిబ్బ మొదట ఏ సంవత్సరం నీళ్లపైకి తేలింది? నీరు తక్కువున్నప్పుడు ఎంత పొడవు, ఎంత వెడల్పు? గడకర్రలు పాతిన తేదీ? ఏ సంవత్సరం నుంచి గట్టు మీద నొక్కారు? మీ చేతి పుస్తకంలో పాత లెక్కలు ఉంటే ఆ పేజీలు కూడా పంపగలరు.

మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను.

ఇట్లు,
మీ మేనకోడలు


నది కాపలా గది
మార్చి 8

అగ్గిపుల్లా,

ఉత్తరం అందుకున్నవాడు నేనేనా అని కవరు తిప్పి చూసుకున్నాను. నువ్వు నన్ను "గారు" అన్నది జీవితంలో ఒకే ఒక్కసారి. ఏడేళ్లప్పుడు నా చేతి గడియారం విప్పి, మళ్లీ బిగించలేక, "మావయ్య గారూ, టైమెంతయింది?" అని వచ్చావు. ఈసారి ఏం విప్పావు?

అడిగినవన్నీ వెనక పేజీలో రాశాను. దిబ్బ తేలి ఎనిమిదేళ్లు. పెద్ద వరద వచ్చి పోయాక తేలింది. మొదట్లో పడవంత, ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకి సిగరెట్టు కాలేంత నడక. చేతి పుస్తకం పంపుతున్నాను. తడిసిన పేజీలు జాగ్రత్తగా విప్పు, గడియారంలాగా కాదు.

నాకు తోచింది ఒకటి చెప్తాను. తప్పు నాదని రాసి ఇచ్చేస్తాను. ముసలాడికి మిషన్ రాలేదు, తోచినట్టు నొక్కాడు అని. నాకింక మహా అయితే రెండేళ్ల సర్వీసు. పడవ ఎలాగూ తీసుకోరు, నేను తప్ప ఎవరూ నడపలేరు దాన్ని. నువ్వు నీ సూత్రం జోలికి వెళ్లకు. ఆ కుర్చీ నీకు ఊరికే రాలేదు.

మావయ్య


మ్యాపుల గది
మార్చి 11

మావయ్యా,

విప్పింది నన్ను నేనే.

చెత్తబుట్టలో నీ చుక్కలు రెండు వందల పన్నెండు ఉన్నాయి. నది మీద ఉపగ్రహం తీసిన ఫోటోలు ఏడాదికొకటి చొప్పున తెచ్చి కింద పరిచాను. అడిగితే ఎవరికైనా ఇస్తారు. మూడేళ్లుగా నేను అడగలేదు. నా దగ్గర సంతకాలున్న రేఖ ఉంది కదా మరి! ఫోటోల్లో నది ఎప్పుడో పక్కకి ఒరిగింది. నడిమధ్య తెల్లటి దిబ్బ, చేపలాగా. దాని మీద నీ చుక్కలు వేశాను.

రెండు వందల పన్నెండూ దిబ్బ మీదే పడ్డాయి. ఒక్కటి కూడా బయటికి పోలేదు. ఏ ఏడు చుక్కలు ఆ ఏడు దిబ్బ అంచు లోపలే. దిబ్బ తోక కిందికి సాగితే నీ చుక్కలూ సాగాయి. నువ్వు వంగి, నీడ పడకుండా నిలబడి నొక్కిన నొక్కులు. నేను ఒక్క మీటతో చెత్తలో వేసినవి. నీకు మిషన్ పట్టడం వచ్చిందని మెచ్చుకున్నాను చూశావా, నువ్వు అబద్ధం నొక్కడం మొదలుపెట్టాకే మెచ్చుకున్నాను.

ఆ గారు ఉత్తరం అందుకే. నిన్ను తిట్టిన నోటితో నన్ను తిట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది.

ఇంకా ఉంది. ఆ సూత్రం నీ ఒక్కడి మీద నడవలేదు. నది పొడుగునా పదకొండు మంది కాపలావాళ్లు, వాళ్లందరి చుక్కల మీదా నడిచింది. బుట్టలో పంతొమ్మిది వందల పైచిలుకు. అందులో కింది మలుపు దగ్గర రెండు దిబ్బలు. కిందటేడు అనుమతి ఇచ్చారు, తోడేశారు. ఈ ఏడాది ఫోటోలో ఆ రెండూ లేవు, నీళ్లే. ఇప్పుడు నా పాత రేఖ అక్కడ కరెక్టు.



రంగుల సార్‌కి చెప్పాను. తలుపు వేసి, "చూడమ్మా, అచ్చయిపోయింది. విచారణ తొమ్మిది రోజుల్లో. నువ్వు ఆ గట్టు మీది చుక్కల్ని మౌసుతో పట్టుకుని దిబ్బ మీదకి జరిపెయ్. మీ మావయ్య పేరు రాదు, నీ పేరు రాదు, దిబ్బ ఎర్రగా అవుతుంది. అందరికీ మంచిది" అన్నాడు. రంగు అడిగే మనిషి మొదటిసారి చుక్క గురించి మాట్లాడాడు, అదీ ఇలా!

మావయ్యా, నిజం చెప్తున్నాను, చెయ్యి మౌసు మీదకి వెళ్లింది. దిబ్బ ఎర్రగా అవుతుంది కదా, అదే కదా కావలసింది. కానీ నువ్వు చేసిందీ అదే కదా. పిట్టల మంచికోసం చుక్క జరపడం. ఈ రెండేళ్ల గూళ్లు దిబ్బ మీద ఏ మూలనున్నాయో నాకు తెలీదు. తెలీని చోట చుక్క పెట్టలేను. జరపనన్నాను. కొంచెం గట్టిగా అన్నాను. పక్క గదికి కూడా వినపడిందట.

అందుకని నీ బేరం కుదరదు. తప్పంతా నీ నెత్తిన వేసుకోవడానికి నువ్వెవరు? నీ తప్పు నీకుంది, నా తప్పు నాది, నీదానికంటే పెద్దది. విచారణలో మొదటి మూడేళ్లు నిజం, తర్వాత రెండేళ్లు అబద్ధం అని చెప్పాలి. అది నువ్వే చెప్పాలి. నేను చెబితే మేనమామని కాపాడుకుంటోంది అంటారు. చెబితే నీ చేతిలో మిషన్ ఉండనివ్వరు. తెలిసే అడుగుతున్నాను. రా.

అగ్గిపుల్ల


నది కాపలా గది
మార్చి 15

తల్లీ,

రాలేను. గుడ్లు పగిలి పిల్లలు బయటికొస్తున్నాయి. ఇసుకవాళ్ల పడవ ఒకటి విచారణ కాకముందే వచ్చి దిబ్బ పక్కన లంగరు వేసుకుంది. నేను కదిలితే వాళ్లు దిగుతారు. నా పడవ అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాను. "ఏం ముసలాయనా, నది నీదా?" అంటారు. "నాది కాదు, పడవ నాది, జరపను" అంటున్నాను.

కాగితం రాసి పంపుతున్నాను. పెద్ద అక్షరాలతో రాశాను, అందరిముందూ చదువు. రెండేళ్లు నేను గట్టు మీద నిలబడి నొక్కాను, ఆ చుక్కల చోటు నమ్మొద్దు, మొదటి మూడేళ్లవి పిట్ట పక్కన నిలబడి నొక్కినవి, అవి నమ్మండి అని. సంతకం పెట్టి వేలిముద్ర కూడా వేశాను. తారుదే. అది చూస్తే నేనేనని మీ వాళ్లకి అనుమానం ఉండదు.

కింది మలుపు దిబ్బల సంగతి నాకు తెలుసు. అక్కడి కాపలావాడు కిందటేడే చెప్పాడు. నీతో అనలేదు. ఇది కూడా నేను దాచిందే. రాసుకో.

మావయ్య


మ్యాపుల గది
మార్చి 21

మావయ్యా,

అయిపోయింది. వరసగా చెప్తాను.

నీ కాగితం చదివాను.  తర్వాత నా కాగితం చదివాను. ఇసుకవాళ్ల తరఫు లాయరు లేచి, "అంటే ఏమిటండీ, లెక్కపెట్టినాయన అబద్ధం చెప్పానంటాడు, మ్యాపు గీసినావిడ పారేశానంటుంది. ఇంక ఈ కాగితాల్లో నమ్మేదేముంది?" అన్నాడు. హాలంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఎందుకంటే నిజమే కదా.

అప్పుడు తెర మీద మూడు ఫోటోలు వేశాను. ఒక్కో ఏడాదిదీ. దాని మీద ఆ ఏడాది నీ చుక్కలు. చెప్పాను: "ఈయన ఈ ఫోటోలు చూడలేదు. మా ఆఫీసులో ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. మా మ్యాపు ఇక్కడ నీళ్లంది. ఈయన మూడేళ్లు నీళ్లలో చుక్కలు పెట్టాడు, అవి దిబ్బ ఆకారంలో పడ్డాయి. అబద్ధం చెప్పేవాడికి ఈ ఆకారం ఎలా తెలుస్తుంది?"

లాయరు కూర్చున్నాడు. 

తీర్పు: పిల్లలు ఎగిరేదాకా మీ దిబ్బ చుట్టూ రెండు కిలోమీటర్ల లోపల ఎవరూ దిగకూడదు. నది రేఖ మళ్లీ గియ్యాలి, బుట్టలో ఉన్న చుక్కలన్నీ తీసి ఒక్కోటీ చూడాలి. ఆ తర్వాత మళ్లీ విచారణ. అంటే ఒక్క కాన్పుకి గడువు దొరికింది. అంతే దొరికింది. కింది మలుపు గురించి అడిగినవాడు లేడు, నేనే చెప్పాను. రాసుకున్నారు.

నీ దగ్గర మిషన్ తీసేసుకుంటారు. ఆర్డరు వస్తుంది. నా కుర్చీ కూడా పోయింది. ఉద్యోగం పోలేదు, కుర్చీ పోయింది. "నీళ్లేవో ఇసుకేదో వెళ్లి చూసి నేర్చుకో" అని నదికి వేశారు. శిక్ష అనుకున్నారు పాపం.

అగ్గిపుల్ల


మ్యాపుల గది, మూడో అంతస్తు
మే 6

అగ్గిపుల్లా,

నీ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. ఎత్తు ఎక్కువ, కాళ్లు ఆనట్లేదు. కాపలావాళ్లం పదకొండు మందిమీ వంతులవారీగా వచ్చి, నది ఎక్కడెలా మారిందో నోటితో చెప్పాలి, మీవాళ్లు గియ్యాలి. నా వంతు వారం రోజులు. మిషన్ పట్టుకోకూడదుగానీ నోరు మూసుకోమని ఆర్డరులో లేదు.

రంగుల సార్ నిన్న నా పక్కన కూర్చుని, "దిబ్బకి ఏ రంగు వేద్దాం పెద్దాయనా?" అన్నాడు. "ఇసుక రంగు" అన్నాను. రాసుకున్నాడు. డిగ్రీల వాళ్లు మంచివాళ్లే, నది గురించి అడిగితే చెప్పేవాళ్లు లేక అలా తయారయ్యారు. ఒకమ్మాయి నా తారు చేతిని చూసి మొహం చిట్లించలేదు, సబ్బిచ్చింది.

చివరి లెక్క నువ్వే పంపాలి. పడవకి ఎడమ తెడ్డు వదులు, చూసుకో. గూడు దగ్గర వంగేటప్పుడు నీడ పడనివ్వకు.

మావయ్య


పాత మ్యాపు ప్రకారం నడి నది
మే 12

మావయ్యా,

ఎడమ తెడ్డు వదులు కాదు, ఊడింది. ఒక్క తెడ్డుతో గుండ్రంగా తిరిగి తిరిగి దిబ్బ చేరాను. నక్కలు గట్టు మీద కూర్చుని చూశాయి. ఎర్ర రంగు వాటికే వేశాం కదా, దర్జాగా ఉన్నాయి.

ఎగిరిన పిల్లలు నూట నాలుగు. ఇంకా ఎగరనివి తొమ్మిది. చచ్చిన గుడ్లు ఇరవై రెండు, గడకర్రలు పాతిన మూలల్లోనే ఎక్కువ. అవి కూడా నొక్కాను. ఏమీ లేని చోట కూడా నిలబడి, ఏమీ లేదని నొక్కాను. వెతికి చూసిన ఖాళీ వేరు, చూడని ఖాళీ వేరు. ఇది తెలియకుండా మూడేళ్లు మ్యాపులు గీశాను.

నిన్న కింది మలుపు దాకా వెళ్లొచ్చాను. రెండు దిబ్బలు ఉండాల్సిన చోట గడ దించితే అడుగు తగల్లేదు. నల్లతల పిట్టలు నాలుగు ఆ నీళ్ల మీదే తిరుగుతున్నాయి, దిగడానికి చోటు లేక. వాటికి ఏ చుక్క పెట్టాలో తెలీలేదు. నీళ్ల మీదే పెట్టాను. పక్కన నా పేరు రాశాను.

కార్డు కవరులో ఉంది. సూత్రాలేవీ నడపకుండా తెరవమని మీ వాళ్లకి చెప్పు. తారు అంటింది, ఏమీ అనుకోవద్దను. ప్రతి చుక్కా దాని చోటే నిలబడి నొక్కాను, కాళ్లు కాలాయి.

అగ్గిపుల్ల